ఒక స్టాప్ ఎక్కువ

ఐదుంపావుకి కొండెక్కాను.
కింద సముద్రం ఉండాలి. చప్పుడు మాత్రమే ఉంది.
గేటు దగ్గర వాచ్‌మన్ మఫ్లర్ లోంచి
"జపాను తోట ఇంకా తెరవలేదండీ" అన్నాడు,
తోటని ఎవరో మంచులో మూటగట్టి
తాళం వేసుకెళ్ళినట్టు.

కేలండరుకి ఫొటో కావాలి. నవంబరు పేజీ.
"శరత్తు కనపడాలి, మనుషులు కనపడకూడదు."
ఆఫీసులో చెప్పింది ఇదొక్కటే.

ఈ ఊళ్ళో శరత్తు ఎక్కడుంటుందో
నాకూ సరిగ్గా తెలీదు.
ఎర్రబడే మేపుల్ చెట్టు లేదిక్కడ.
పైన్ ఉండాల్సిన చోట సరుగుడు,
గాలి ఎటు తోస్తే అటు వంగడం నేర్చుకుని
ఎవరూ కత్తిరించకుండానే బోన్సాయ్ అయింది.
రాతిదీపం సిమెంటుది.
హుద్‌హుద్‌కి దాని తల ఎగిరి లోయలో పడితే
వెతికి తెచ్చి అతికించారు, కాస్త వంకరగా.
అప్పట్నించీ అది
ఎవరో పిలిస్తే పక్కకి చూస్తున్నట్టే ఉంటుంది.

కెమెరాకి పొగమంచంటే నమ్మకం లేదు.
ఇంత తెలుపు ఎక్కడా ఉండదని
అన్నిటినీ బూడిద రంగులోకి లాగేస్తుంది.
దానికి నచ్చజెప్పాలి, ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వాలి.
జగదాంబ దగ్గర స్టూడియోలో
పదకొండేళ్ళు పాస్‌పోర్టు ఫొటోలు తీసినవాణ్ణి,
తెల్లటి తెర ముందు మొహాలు నిలబెట్టినవాణ్ణి,
మొదటిసారి
మొహం లేని తెర ముందు నిలబడ్డాను.

లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంది,
చీకట్లో చెప్పులు వెతుక్కునే కాళ్ళలా.
దేన్నీ పట్టుకోలేక ఊరుకుంది.
నేనే చేత్తో తిప్పాను.
తడిబట్టలోంచి రంగు దిగినట్టు
వంతెన ఎరుపు కొద్దికొద్దిగా దిగింది.

అప్పుడు వినపడింది
ఇసక మీద దంతె లాగుతున్న చప్పుడు.
మంచులోంచి ముందు చీర అంచు, తర్వాత చెయ్యి,
ఆ తర్వాత ఎర్నమ్మ.
జాలారిపేట మనిషి. ఇసక తోట ఆవిడ పని.
రాళ్ళ చుట్టూ గీతలు గీస్తోంది
వంగి, వెనక్కి నడుస్తూ,
తన అడుగుల్ని తానే చెరుపుకుంటూ.

"ఈ గీతలు ఎవరు నేర్పారమ్మా?"
"నేర్పడానికేటుంది బాబూ?
ఆఫీసరుబాబు బొమ్మ సూపించి కెరటాల్లాగ గియ్యమన్నాడు.
కెరటం అలాగుంటాదేటి?
నీరు దిగిపోయినాక ఒడ్డున మిగుల్తాది సూడు, ఆ గీత.
నానదే గీత్తన్నాను."

కొంచెం పక్కకి తప్పుకోమన్నాను.
తప్పుకుంది, ఏమీ అనుకోకుండా.
దంతె మాత్రం రాయికి ఆనించి మర్చిపోయింది.
మర్చిపోలేదేమో కూడా.

హార్బరు బయట ఎక్కడో ఓడ కూత పెట్టింది.
దారి అడుగుతున్నట్టు కాదు,
నేనిక్కడున్నానని చెప్పుకుంటున్నట్టు.
ఆ కూత పొడుగునా షట్టర్ తెరిచే ఉంచాను.
శబ్దం ఫొటోలో పడదని తెలుసు.
అయినా.

కొలను గట్టున బాదం చెట్టు ఒక్కటుంది, ప్లానులో లేనిది.
కాకి పడేసిన కాయకి మొలిచిందట.
నరకమని రెండుసార్లు కాయితం వచ్చిందట.
దాన్నించి ఒక్క ఆకు, అరచేయంత, రాగి ఎరుపు,
ఇప్పుడే గీసిన గీతల మీద వెల్లకిలా పడింది.
తియ్యనా అన్నట్టు చూసింది ఎర్నమ్మ.
వద్దని తలూపాను.
ఇద్దరం దాని వంకే చూస్తూ నిలబడ్డాం,
పసిపిల్ల నిద్రపోయిందో లేదో అన్నట్టు.

"ఏదీ, సూపించు" అంది.
తడిచేతులు కొంగుకి తుడుచుకుని
కెమెరా వెనక్కి వచ్చి వంగింది.
"ఇందులో ఏటీ లేదు గదా బాబూ.
తెల్లకాయితం తీసినావు."
కాసేపాగి, వేలు తగలకుండా గాలిలోనే చూపించి
"ఇది నా దంతె" అంది.

ఏడింటికి ఎండ వచ్చింది.
నాలుగు నిమిషాల్లో తోట మామూలైపోయింది.
సిమెంటు సిమెంటుగా, పెయింటు పెయింటుగా,
సరుగుడు కింద చిప్స్ పేకెట్టు.
ఎక్కడికీ పోనట్టే సముద్రం కింద కూర్చుంది.

ఆఫీసులో ఫొటో చూశారు.
"బాగుంది. ఈ కర్ర ఒక్కటీ తీసెయ్యండి."
కంప్యూటర్లో అర నిమిషం పని.
రెండు రోజులైంది.
ఇంకా చేస్తూనే ఉన్నాను.